అది మా ఆవిడ చేసిందండీ

హెడ్‌లైటు బాగుపడాలంటే ముందు పూర్తిగా పాడవ్వాలి. ఈ మాట చెబితే నమ్మేవాళ్ళు తక్కువ. ఏళ్ళ తరబడి ఎండకు పసుపు తిరిగి మసకబారిన ఆ ప్లాస్టిక్ అద్దాన్ని తడి ఉప్పుకాగితంతో రుద్దడం మొదలుపెడితే, మొదట అది ఇంకా మసకబారుతుంది. కాసేపటికి పాలు పోసినట్టు తెల్లబడి, లోపలి బల్బు కూడా కనబడకుండా పోతుంది. సరిగ్గా ఆ సమయానికి ఎవరైనా వచ్చి చూశారా, ఇక అంతే. ఉన్న కాస్తా పోగొట్టారే అని లబోదిబోమంటారు. అందుకే ఆమె ఆ పనిని ముందు షెడ్డులో పెట్టుకోదు. ఇంటి వెనక వసారాలో, బట్టలుతికే గట్టు మీద, ఎవరి కంటా పడకుండా చేసుకుంటుంది.

ముందు షెడ్డు, మధ్యలో రెండు గదులు, వెనక వసారా. షెడ్డు ఆమె భర్తది. అందరూ ఆయన్ని మేస్త్రీ అని పిలుస్తారు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేయగల మనిషి. ఆ సంగతి ఊళ్ళో వాళ్ళకి తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు. హెడ్‌లైట్లు రుద్దడం మాత్రం ఆయన వల్ల కాలేదు. మొదట్లో ఒకటి రెండు ప్రయత్నించి, "ఇది ఓపిక లేని వాళ్ళు చేసే పని కాదు" అని తన గురించి తానే నిజం చెప్పుకుని, భార్య చేతికిచ్చాడు. అప్పటినుంచి ఆ పని ఆమెదే.

"ఇదిగో, అయిందా?" షెడ్డులోంచి కేక వినబడింది.

"ఇంకా లేదు."

"ట్రావెల్స్ ఆయన బయల్దేరాడట."

అద్దె కార్లు తిప్పే ట్రావెల్స్ ఆయన తెల్లకారు లైట్లు రెండూ వసారా అంచున, ఎండ పడే చోట, పాత దుప్పటి మీద పక్కపక్కనే ఉన్నాయి. నిన్నంతా వాటితోనే సరిపోయింది. గరుకు కాగితం, తర్వాత నున్నటి కాగితం, తర్వాత ఇంకా నున్నటిది. కాగితం మారినప్పుడల్లా రుద్దే దిక్కూ మారాలి. ముందటిది అడ్డంగా నడిస్తే తర్వాతిది నిలువుగా నడవాలి. అప్పుడుగానీ వెనకటి గీతలు పోయాయో లేదో కంటికి దొరకదు. నీళ్ళు పోస్తూనే ఉండాలి, ఆరిందంటే కొత్త గీత పడుతుంది. కారే నీళ్ళు మొదట పసుపుగా వచ్చి, పోనుపోను సున్నపు నీళ్ళలా తెల్లబడతాయి. ఆ తర్వాత పాలిష్. ఇవాళ పొద్దున్నే కోటింగ్ వేసింది. అది ఎండదెబ్బ నుంచి కాపాడే పల్చటి పొర. మెత్తటి గుడ్డకు పట్టించి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపులో లాగాలి. మధ్యలో ఆగినా, వెనక్కి వెళ్ళి దిద్దినా మచ్చ పడిపోతుంది. ఆ ఊపు లాగేటప్పుడు ఆమెతోపాటు, పక్కన పీట మీద కూర్చుని చిక్కుళ్ళు తుంచే అత్తగారు కూడా ఊపిరి బిగబట్టింది.

"పడిందా అమ్మాయ్?"

"పడింది."

"హమ్మయ్య. నువ్వు ఒక్కో లైటు పూర్తి చేసేసరికి నా ప్రాణం పైకి పోయి కిందికి వస్తుంది," అంది అత్తగారు, మళ్ళీ చిక్కుళ్ళు అందుకుంటూ.

కేకకు జవాబు రాకపోయేసరికి మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చాడు. లైట్లను చూసి, వేలితో ఒక మూల తాకి, "అంటుకోవడం లేదుగా! ఇంకేం?" అన్నాడు.

"పైన ఆరింది. లోపల ఆరలేదు. రేపటి ఎండ కూడా తగలాలి."

"సాయంత్రానికి ఇచ్చేస్తానని మాటిచ్చాను. మాట పోతే షెడ్డు పరువు పోతుంది. ఆయనకి మంచిగా కనబడితే మిగతా బండ్లన్నీ మనకే పంపుతానన్నాడు."

మాటిచ్చేముందు నన్నొకసారి అడగొచ్చుగా అని ఆమె నోటిదాకా వచ్చింది. వచ్చింది వచ్చినట్టే మింగేసింది. ఆయన రెండు లైట్లనూ చెరో చంకలో పసిబిడ్డల్లా ఇరికించుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆమె ముందు గది తలుపు వెనక నిలబడి చూసింది. మేస్త్రి బండి అప్పగించే తంతు చూడదగ్గదే. యజమాని వచ్చి నిలబడ్డాక, భుజం మీది గుడ్డ తీసి, దాని చెంగు పెట్రోలు డబ్బాలో ముంచి, గట్టిగా పిండి, బానెట్ మొదలుకుని బండిని ఒక్క చుట్టు చుట్టి తుడుస్తాడు. అద్దాలు, బంపరు, లైట్లు, నంబరు ప్లేటు. ఆఖరున గుడ్డను ఒక్క విసురు విసిరి భుజాన వేసుకుని "తీసుకెళ్ళండి" అంటాడు. ఆ తుడుపు లేకుండా బండి ఇస్తే ఆయనకి ఆ పూట అన్నం సయించదు.

తెల్లకారు లైట్లు తళతళలాడుతున్నాయి. ట్రావెల్స్ ఆయన వంగి, వాటిలో తన ముఖం చూసుకుని, మీసం కూడా సర్దుకున్నాడు.

"మేస్త్రీ! కొత్తవి వేశావా ఏంటి?"

"పాతవేనండీ."

"అబ్బ! నీ చేతిలో ఏదో ఉందయ్యా!"

మేస్త్రి నవ్వాడు. చేతులు వెనక్కి పెట్టుకుని, కాస్త తల దించుకుని, "ఏదో మీ అభిమానం" అన్నాడు.

తలుపు వెనక ఆమె తన వేళ్ళు చూసుకుంది. నీళ్ళలో నాని, కాగితం ఒరుసుకుని, వేళ్ళ చివర్లు ముడతలు పడి ఎర్రగా ఉన్నాయి. ఇలాంటి పొగడ్తలు ఇంతకుముందు కూడా ఆ వాకిట్లోనే ఆగిపోయాయి. ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. ఇవాళ మాత్రం ఎందుకో మింగుడు పడలేదు. ఒక్క మాట, లోపలికి చెయ్యి చూపించి ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోతుంది?

"ఏమంటున్నాడు బండాయన?" లోపలినుంచి అత్తగారు అడిగింది.

"బాగుందట."

"ఎవర్ని మెచ్చుకున్నాడు?"

"ఎవర్ని మెచ్చుకుంటారు? మేస్త్రినే," అంది ఆమె, పొయ్యి దగ్గరికి వెళుతూ.

*

కొన్నాళ్ళకి ట్రావెల్స్ ఆయన మళ్ళీ వచ్చినప్పుడు, గొడవకే వచ్చాడని కారు దిగిన తీరులోనే తెలిసిపోయింది. తలుపు వేసిన చప్పుడు వసారాదాకా వినబడింది.

"మేస్త్రీ, ఇలా రా. నీ గొప్పతనం చూసుకో."

ఆమె తడి చేతులతోనే తలుపు దగ్గరికి వచ్చింది. తెల్లకారు లైట్ల మీద పొగ పట్టినట్టు మరకలు. అక్కడక్కడ పొర సన్నగా చిట్లి, పాత పింగాణీ కప్పు మీద పగుళ్ళలా అల్లుకుపోయింది. మొదట ఉన్న మసకే నయం.

"వచ్చే వారం బండి తనిఖీకి పోవాలి," అంటున్నాడు ట్రావెల్స్ ఆయన. "ఈ లైట్లతో వెళితే అక్కడ నన్ను గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. నిన్ను నమ్మి మిగతా బండ్లకి కూడా చెబుదామనుకున్నాను చూడు, నన్ను నేనే అనుకోవాలి!"

మేస్త్రి లైట్లవైపు చూశాడు. నేలవైపు చూశాడు. చుట్టూ రోడ్డు మీద నలుగురు ఆగి చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అది... అది నేను చేసింది కాదండీ," అన్నాడు. "అది మా ఆవిడ చేసిందండీ."

ట్రావెల్స్ ఆయన తలెత్తి, మొదటిసారి తలుపు దగ్గర నిలబడ్డ ఆమెవైపు చూశాడు. రోడ్డు మీద నలుగురూ చూశారు. ఆమె చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది, అవి ఆరిపోయాక కూడా తుడుస్తూనే ఉంది.

"ఆడవాళ్ళ చేత చేయిస్తున్నావా?" అన్నాడు ట్రావెల్స్ ఆయన.

"ఖాళీగా ఉంటుంది కదా అని..."

ఖాళీగా! ఆమెకి ఒళ్ళు మండింది. అంతమందిలో ఏమంటుంది? "నేనే మళ్ళీ చేసిస్తానండీ," అంది. ట్రావెల్స్ ఆయన కాసేపు గొణిగి, వేరే దారి లేక, బండి వదిలి వెళ్ళిపోయాడు.

మేస్త్రి లోపలికి రాగానే అత్తగారు పీట మీదనుంచే అందుకుంది.

"ఒరే, పొగిడినప్పుడు నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నావు. తిట్టేసరికి పెళ్ళాం గుర్తొచ్చిందా?"

"నువ్వూరుకో అమ్మా, నీకు తెలీదు."

"నాకు కళ్ళు కనబడవు గానీ చెవులు బాగానే ఉన్నాయి."

మేస్త్రి వెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. ఏం కావాలో అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆయన అన్న మాట కంటే ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. తప్పు నిజంగానే తనదేమో! కోటింగ్ పల్చన అయిందా? పాలిష్ జిడ్డు సరిగా తుడవలేదా? గుడ్డలో తేమ ఉందా? ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. ఎక్కడా తప్పు దొరకలేదు, అయినా మనసు కుదుటపడలేదు. మిగతా పనులన్నిటికీ ఆమెకి ఎవరో ఒకరు వంక పెడతారు. కూరలో ఉప్పు, పక్క బట్టల మడత, బీరువా సర్దిన తీరు. ఈ ఒక్క పనికే ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు. అది కూడా పోతే తనకంటూ ఏం మిగిలింది?

*

మర్నాడు మేస్త్రి బంపరు విప్పి, లైట్లు రెండూ ఊడదీసి, నోరెత్తకుండా తెచ్చి గట్టు మీద పెట్టి వెళ్ళాడు. ఆమె వాటిని వెంటనే రుద్దలేదు. ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని, కంటికి దగ్గరగా తెచ్చి, వెలుగుకి అటూ ఇటూ తిప్పింది.

మరకలు ఇష్టం వచ్చినట్టు లేవు. ఒక పక్కనుంచి ఇంకో పక్కకి వంపు తిరిగి, ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్నాయి. ముగ్గు తుడిచేస్తే నేల మీద చేతి ఊపు కనబడుతుందే, అలాగ. కింది అంచు చూసేసరికి ఆమె చేయి ఆగిపోయింది. బంపరు లోపలికి దాగే వేలెడు వెడల్పు పట్టీ, బానెట్ కిందికి పోయే పై అంచు, రెండూ నిర్మలంగా మెరుస్తున్నాయి. మరక లేదు, పగులు లేదు.

"అత్తయ్యా," అంది.

"ఏంటే?"

"కోటింగ్ చెడితే అంతా చెడాలి కదా?"

"చెడాలి మరి. పాలు విరిగితే గిన్నె అంతా విరుగుతాయి గానీ సగం గిన్నె విరగదుగా!"

"దాగిన చోట బాగుంది. బయటికి కనబడే చోటే పాడైంది."

అత్తగారికి ఆ లైటు సంగతి ఏమర్థమైందో గానీ, "అయితే బయటే ఏదో తగిలింది," అని తేల్చేసింది.

ఏం తగిలిందో ఆ మధ్యాహ్నమే తెలిసింది. మేస్త్రికి కాఫీ ఇవ్వడానికి ఆమె షెడ్డులోకి వెళ్ళింది. ఎవరిదో ఎర్ర కారు అప్పగింత జరుగుతోంది. ఆయన భుజం మీది గుడ్డ తీశాడు. పెట్రోలులో ముంచాడు, పిండాడు. బానెట్ తుడిచి, లైటు దగ్గరికి వచ్చి, ఎడమనుంచి కుడికి వంపుగా ఒకసారి, దాని కిందనే ఇంకోసారి, దాని కింద మరోసారి తుడిచాడు. కొన్ని వందలసార్లు చూసిన తుడుపే. ఇవాళ ఆమె దాన్ని, లైటు మీద వంపు మరకలు చూసిన కళ్ళతో చూసింది.

ఆమె మనసు తేలికపడిందని చెప్పాలి. ఆ వెనకే కోపం కూడా వచ్చింది. అయినా చూడడం ఒకటి, రుజువు ఇంకోటి. పెరట్లో పగిలిన పాత లైటు ఒకటి పడి ఉంది. దాన్ని తెచ్చి రుద్ది, పాలిష్ పెట్టి, మర్నాడు పొద్దున కోటింగ్ వేసి, ఒక్క పూట ఎండలో పెట్టింది. సాయంత్రం మేస్త్రి స్నానానికి వెళ్ళినప్పుడు మేకుకు వేలాడుతున్న గుడ్డ తీసుకుని, చెంగు పెట్రోలులో ముంచి, పిండి, ఆయనలాగే వంపుగా సగం వరకే తుడిచింది. ఆయనలాగే చివర్లో ఒక విసురు కూడా విసిరింది. ఎవరూ చూడలేదు గానీ చూస్తే నవ్వేవాళ్ళే.

తుడవగానే అది ఇంకా బాగా మెరిసింది. అదే మోసం. రోజంతా ఎండలో ఉన్నాక చూస్తే, తుడవని సగం అద్దంలా ఉంది, తుడిచిన సగం మీద పొగ పట్టినట్టు వంపు మరకలు తేలాయి. ఇంకో రోజుకి సన్నని పగుళ్ళు అల్లుకున్నాయి.

*

ఆమె ఆ లైటును తీసుకెళ్ళి భర్త కాఫీ తాగే బల్ల మీద పెట్టింది.

"ఏంటిది?"

"చూడండి."

మేస్త్రి చూశాడు. పనివాడి కన్ను ఎక్కడికి పోతుంది? వంపులు చూశాడు. వాటి వెడల్పు తన అరచేతి వెడల్పని గుర్తుపట్టాడు. భుజం మీదినుంచి గుడ్డ తీసి ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నా తుడుపా?"

"ఆరకముందు పెట్రోలు తగిలింది."

"ఇన్నాళ్ళూ తుడుస్తూనే ఉన్నానుగా! అప్పుడెప్పుడూ కాలేదే?"

"అప్పుడు పూర్తిగా ఆరాక తీసుకెళ్ళేవారు. ఈసారి నేను రేపన్నాను, మీరు ఇవాళన్నారు."

ఆయన ముఖంలో రంగులు మారాయి. వాదించడానికి నోరు తెరిచి, మళ్ళీ లైటు చూసి మూసుకున్నాడు. చెడ్డవాడు కాదు. పరువు అంటే ప్రాణం, అంతే. కుర్చీలో ముందుకు జరిగి, గొంతు తగ్గించి అన్నాడు.

"సరే. తప్పు నాదే. ఆయన వచ్చినప్పుడు నేనే చెబుతాను. మా ఆవిడ తప్పేం లేదండీ, నేనే తొందరపడి పాడుచేశానని నలుగురి ముందే చెబుతాను. సరేనా?"

ఇది ఆమె ఎదురుచూడని మాట. భర్త నోట్లోంచి తప్పు నాదే అన్న ముక్క ఊడిపడడం చిన్న విషయం కాదు. గోడ అవతల చిక్కుళ్ళు తుంచే చప్పుడు కూడా ఆగిపోయింది.

"వద్దు," అంది.

"ఏం వద్దు?"

"చెప్పొద్దు. తప్పు నాదనే ఉండనీయండి."

"నీకేమైనా పిచ్చా? నీది కాని తప్పు నీ నెత్తిన ఎందుకు?"

"తప్పు మీరు తీసుకుంటే దాంతోపాటు పని కూడా మీదైపోతుంది," అంది ఆమె. మాటలు ముందే సిద్ధం చేసుకున్నట్టు రాలేదు, ఒక్కొక్కటే వెతుక్కుంటున్నట్టు వచ్చాయి. "ఇన్నేళ్ళలో ఆ లైట్లు నేను చేశానని మీరు ఒకరికి చెప్పింది ఇదే మొదటిసారి. పాడయ్యాయని చెప్పినా, చెప్పారు కదా. ఇప్పుడు అది కూడా వెనక్కి తీసుకుంటారా? మళ్ళీ మేస్త్రి చేశాడు, మేస్త్రి పాడుచేశాడు, మేస్త్రి బాగుచేశాడు. నేనెక్కడున్నాను?"

మేస్త్రి చేతిలోని గుడ్డను మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

"నేను కావాలని చెప్పకుండా ఉండలేదు," అన్నాడు చివరికి. "ఎవరూ అడగలేదు."

"అవును. అడగలేదు. మీరూ చెప్పలేదు," అంది ఆమె. కోపంగా అనలేదు. కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వసారాలో అత్తగారు కొడుక్కి వినబడేంత గట్టిగానే గొణిగింది. "నా కోడలికి తిట్టు కూడా దాచుకోవడం తెలుసు."

*

మర్నాడు ఆమె తెల్లకారు లైట్లు మళ్ళీ మొదలుపెట్టింది. పగిలిన పొర తీయాలంటే గరుకు కాగితం దగ్గరికే తిరిగి వెళ్ళాలి. మొదటిది సగం రుద్ది, పాలలా తెల్లబడి ఉన్న సమయానికి, ఇంటి మధ్యలోంచి చెప్పుల చప్పుడు వినబడింది. ట్రావెల్స్ ఆయన. ఇదివరకు షెడ్డు దాటి ఎప్పుడూ లోపలికి రాని మనిషి.

"ఎవరు చేస్తున్నారో తెలిసింది కదా, ఎలా చేస్తున్నారో కూడా చూసిపోదామని..." అంటూనే లైటు చూశాడు. "అయ్యో! అయ్యో! ఇదేంటమ్మా? బల్బు కూడా కనబడట్లేదు! ఉన్నది కూడా పోయింది!"

"కూర్చోండి," అంది ఆమె.

"కూర్చోవడమేంటమ్మా, నా బండి..."

"కూర్చోమంటోందిగా నాయనా, కూర్చో," అంది అత్తగారు, చేత్తో తడుముకుని ఇంకో పీట జరుపుతూ. "నాకూ మొదట్లో ఇలాగే దడ పుట్టేది."

ట్రావెల్స్ ఆయన కూర్చున్నాడు. ఆమె కాగితం మార్చింది. దిక్కు మార్చింది. నీళ్ళు పోసింది, రుద్దింది, అరచేత్తో తుడిచింది, వెలుగుకి ఎత్తి చూసింది, మళ్ళీ రుద్దింది. ఆయన వచ్చాడని చేతి వేగం పెంచలేదు. ఆయన మొదట ఫోను తీశాడు, తర్వాత జేబులో పెట్టేశాడు. పాలిష్ పెట్టి గుడ్డతో గుండ్రంగా తిప్పుతుంటే తెల్లదనం మధ్యలోంచి ముందు చిన్న బిళ్ళంత చోట లోపలి బల్బు కనబడింది. తర్వాత అరచేయంత. ట్రావెల్స్ ఆయన పీట మీదనుంచి ముందుకు వంగి వంగి కిందపడేంత పని చేశాడు.

"మరి పోయినసారి ఏం జరిగిందమ్మా?" అని అడిగాడు. గొంతులో మొన్నటి కారం లేదు.

వసారా గుమ్మంలో మేస్త్రి వచ్చి నిలబడి ఉన్నాడు. ఆమె ఆయనవైపు చూడలేదు.

"ఆరకముందే బయటికి పోనిచ్చాను," అంది. "అది నా పొరపాటే. ఇకనుంచి నేను చెప్పేదాకా బండి కదలదు. దీనికి కోటింగ్ వేశాక రెండు రోజులు ఎండ చూడాలి. మీరు సాయంత్రం రావద్దు. తనిఖీ నాటికి అందుతుంది. ఇంటికి తీసుకెళ్ళాక పెట్రోలు గుడ్డ దగ్గరికి రానివ్వకండి, మంచినీళ్ళతో కడగండి, చాలు."

ట్రావెల్స్ ఆయన మేస్త్రివైపు తిరిగి చూశాడు, ఆ మాటకి ముద్ర పడుతుందేమోనని. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడ చెప్పినట్టే," అన్నాడు.

రెండు రోజుల ఎండ పూర్తయ్యాకే లైట్లు వసారా దాటాయి. అప్పగించే రోజు మేస్త్రి బండిని తుడవకుండా ఇవ్వడానికి పడ్డ అవస్థ చూడాలి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుం మీద పెట్టుకున్నాడు, జేబులో పెట్టుకున్నాడు, చివరికి ఆమెనే వాకిట్లోకి పిలిచాడు. ఆమె వచ్చి ట్రావెల్స్ ఆయన చేత లైట్లు వేయించింది. పగటి వెలుగులో కూడా ఎదుటి గోడ మీద రెండు గుండ్రాలు స్పష్టంగా పడ్డాయి. ఆయన ఈసారి వాటిలో ముఖం చూసుకోలేదు. "బాగుందమ్మా," అని ఆమెతోనే అన్నాడు. ఆమెకి మెచ్చుకోలు అలవాటు లేదు మరి. "జాగ్రత్తగా వెళ్ళండి," అనేసి లోపలికి వచ్చేసింది. వచ్చాక, ఇంకాస్త మంచి మాట ఏదైనా అనుండాల్సిందని అనుకుంది.

తనిఖీలో బండి నెగ్గింది. ఆ కబురు చెప్పడానికి ట్రావెల్స్ ఆయన ఫోన్ చేశాడు. ఆమె వసారాలో ఉప్పుకాగితం ముక్కలు కడిగి తీగ మీద ఆరబెడుతోంది. షెడ్డులో మేస్త్రి గొంతు వినబడుతోంది.

"ఆ, ఆ... సంతోషమండీ... రెండు బండ్లా? రేపు పొద్దున్నేనా? దానికేముందండీ, పంపిం..."

ఉన్నట్టుండి మాట ఆగింది.

"ఉండండి. కనుక్కుని చెబుతాను."

ఆయన ఫోనును అరచేత్తో మూసిపట్టుకుని వసారాలోకి వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, అప్పు అడగడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"రేపు రెండు బండ్లు పంపుతానంటున్నాడు. పంపమననా?"

ఆమె తన వేళ్ళు చూసుకుంది. చర్మం లేచి, తడి తగిలితే చురుక్కుమంటున్నాయి. ఇన్నేళ్ళలో పని ఎప్పుడు వస్తే అప్పుడే చేసింది. వద్దనడానికి అది తన పనైతే కదా.

"రేపు వద్దు," అంది. "రేపు నాకు సెలవు."

"సెలవా? ఏం కారణం చెప్పను?"

"కారణమెందుకండీ? సెలవని చెప్పండి. ఎల్లుండి పంపమనండి, ఒక్కో రోజు ఒక్కో బండి."

అత్తగారు చిక్కుడుకాయ సగం తుంచి, మిగతా సగం తుంచకుండా కొడుకు ఏమంటాడోనని చెవి రిక్కించింది. ఆయన ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"హలో... రేపు కుదరదండీ. ఆవిడకి రేపు సెలవు." అవతల ఏదో అడిగారు. "నేను చేయడమేంటండీ, ఆ పని నాకు రాదు."